ఎర్రదీపం కనిపిస్తే పైకి చెప్పు

హేమూనగర్, బిలాస్‌పూర్
20 నవంబర్ 2025

చిరంజీవి చిన్నికి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "అక్కా, లాప్‌టాప్ అంతా ఎర్రగా అయిపోయింది, వైరస్‌లున్నాయట, ఏదో నంబరుకి ఫోన్ చేయమంటోంది" అన్నప్పుడు నీ గొంతు వణికింది. ఆ నంబరుకి చేయకుండా నాకు చేశావు. ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు. రాత్రి ఆ పేజీ మూయించడం వరకే కుదిరింది. మిగతాది తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇదిగో.

ముందు నీకింతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నాన్నని అడిగే రాస్తున్నాను.

2023 నవంబరు. పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. నాన్న దానికోసం కంప్యూటర్లో వెతుకుతుంటే నీకొచ్చినటువంటి తెరే వచ్చింది. సైరన్ మోత. తెర మీద 'బిలాస్‌పూర్' అని మన ఊరి పేరు కూడా ఉందట. ఆయన భయపడి ఆ నంబరుకి ఫోన్ చేశారు. అవతలివాడు 'అంకుల్‌జీ' అంటూ ఎంతో మర్యాదగా హిందీలో మాట్లాడి, ఒక యాప్ పెట్టించి, కంప్యూటర్ని తన అదుపులోకి తీసుకున్నాడు. మూడేళ్ల సెక్యూరిటీ అంటూ కొంత కట్టించుకున్నాడు. ఆ తర్వాత ఖాతాలోంచి ఇంకొంత పోయింది. మొత్తం కలిపితే ఒక నెల పింఛను పైమాటే.

నాలుగు రోజులు నాన్న ఎవరితోనూ అనలేదు. బుధవారీ బజార్‌కి వెళ్లి కూరలు తెచ్చేవారు, పేపరు చదివేవారు, అన్నం దగ్గర మాత్రం సగంలోనే లేచిపోయేవారు. అయిదో రోజు పాస్‌బుక్ చూసి నేనడిగితే అప్పుడు చెప్పారు. "లోకో పైలట్‌గా ఇన్నేళ్లు ఎర్రదీపం చూస్తే బండి ఆపాను. ఆ రోజు ఎర్ర తెర చూసి పరుగెత్తానమ్మా" అన్నారు.

ఆ మోసం కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది చిన్నీ. నిజమైన ఎర్రదీపం ఆగమంటుంది. ఈ దొంగ ఎరుపు తొందరపెడుతుంది. అయిదు నిమిషాల్లో ఫైళ్లన్నీ పోతాయంటుంది, ఇప్పుడే ఫోన్ చేయమంటుంది. తొందరపెట్టిందంటే అది హెచ్చరిక కాదని తెలుసుకో.

అసలక్కడ జరిగేదేమిటో చెబుతాను. నీకు కనిపించింది ఒక మామూలు వెబ్ పేజీ, అంతే. బ్రౌజర్ ప్రతి పేజీనీ తన గదిలోనే ఉంచి తలుపేస్తుంది. అక్కణ్ణుంచి అది నీ డిస్కులోని ఫైళ్లను వెతకలేదు. 'స్కాన్ అవుతోంది' అంటూ పాకే ఆ గీత ఉత్త బొమ్మ. నీకు తెర ఎలా వచ్చిందో నాకూ అలాగే వస్తుంది, వైరస్ ఉన్నా లేకపోయినా. మరి ఊరి పేరెలా తెలిసిందంటావా? మన ఇంటర్నెట్ చిరునామాని బట్టి ఏ వెబ్‌సైట్‌కైనా ఊరు ఇంచుమించుగా తెలుస్తుంది. నాన్నని ఎక్కువ భయపెట్టింది అదే.

ఈ వ్యాపారం పాతదే. 'విన్‌ఫిక్సర్' లాంటి పేర్లతో దొంగ యాంటీవైరస్‌లు అమ్మిన ముఠా మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కేసు పెట్టింది. 2012లో అక్కడి కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టమని తీర్పు చెప్పింది. మన దేశంలోనూ 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. పెద్ద కంపెనీల టెక్నికల్ సపోర్ట్ వాళ్లమని నటించే కాల్ సెంటర్లు కూడా అందులో ఉన్నాయి. వాళ్లకిది రోజూ చేసే ఉద్యోగం. వాళ్ల చేతిలో మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఈ మాట నాన్నకీ చాలాసార్లు చెప్పాను.

మళ్లీ ఆ తెర వస్తే ఏ బటనూ నొక్కకు, 'క్లోజ్' అని ఉన్నదాన్ని కూడా. తెర నిండా పరుచుకుంటే ఎస్కేప్ కీ నొక్కి పట్టుకో. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే బ్రౌజర్ మూసుకుంటుంది. మొండికేస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ని ఎంచుకుని 'ఎండ్ టాస్క్' ఇవ్వు. అదీ కాకపోతే పవర్ బటన్ పట్టుకుని ఆపేయడమే. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దను.

బ్రౌజర్ మూశాక కూడా మూలన హెచ్చరికలు వస్తుంటే, ఎప్పుడో ఏదో సైటులో 'అలౌ' నొక్కావన్నమాట. సినిమా సైట్లలో ఇది మామూలే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా ఉంటుంది, తెలియని పేర్లన్నీ తీసేయి.

ఒకవేళ ఫోన్ చేసేసినా, యాప్ పెట్టేసినా, సిగ్గుపడుతూ కూర్చోకు. వెంటనే వైఫై ఆపెయ్. ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి, సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టు. పాస్‌వర్డ్‌లు వేరే పరికరంలోంచి మార్చు. డబ్బు దొంగల ఖాతాల్లో చేతులు మారకముందే చెబితే దాన్ని ఆపే వీలుంటుంది. నాన్న పోగొట్టుకున్నది ఆ నాలుగు రోజుల్ని. మనం ఫిర్యాదు చేసేసరికి ఆ ఖాతాల్లో ఏమీ మిగల్లేదు.

ఇక నువ్వడిగిన ప్రశ్న, ఏ యాంటీవైరస్ కొనాలని. వెంటనే ఏదీ కొనక్కర్లేదు. విండోస్ 10, 11లలో 'డిఫెండర్' ఊరికే వస్తుంది, నీ చదువు పనికి అది చాలు. 'విండోస్ సెక్యూరిటీ' తెరిచి అది పనిచేస్తోందో లేదో చూడు. ఒకసారి ఫుల్ స్కాన్ పెట్టి పడుకో. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు పెట్టకు. ఒకదాని పనికి ఒకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తలా నడుస్తుంది.

నీది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కాబట్టి ముఖ్యంగా చూడాల్సింది విండోస్ ఎన్నోదన్నది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. 11కి మారగలిగితే మారు. కుదరకపోతే ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉంది, అందులో చేరు. తాళం ఎంత గట్టిదైనా తలుపు చెక్క పుచ్చిపోతే ఏం లాభం?

కొనాలనే అనిపిస్తే అమ్మేవాళ్ల ప్రకటనలు కాదు, పరీక్షలు పెట్టేవాళ్ల మాట విను. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారెటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లకు పరీక్ష పెట్టి ఫలితాలు ఊరికే చూపిస్తాయి. వైరస్‌ని పట్టుకోవడం ఒక్కటే చూడకు. కంప్యూటర్ని ఎంత నెమ్మది చేస్తుందో, మంచి ఫైళ్లని ఎన్నిసార్లు దొంగలంటుందో కూడా చూడు. మన దేశంలో పుణె క్విక్ హీల్, చెన్నై కె7 పాత కంపెనీలే. ఏది కొన్నా ఆ కంపెనీ సొంత సైట్ నుంచే కొను. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకు, రెన్యువల్ ధర అడుగు. ఉచితమంటే కూడా ఆలోచించు. వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు 2024లో అమెరికాలో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీని 1.65 కోట్ల డాలర్లు కట్టమన్నారు. వైరస్ నిజంగానే పట్టిందనిపిస్తే మన ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' సైటులో శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. నీ నోట్సూ ప్రాజెక్టూ మాత్రం వారానికోసారి విడి డిస్కులోకి ఎక్కించి, డిస్కు తీసి పక్కన పెట్టు.

ఈ ఉత్తరం రాస్తుంటే నాన్న పక్కనే కూర్చున్నారు. ఇంజన్లో లోకో పైలట్‌కి, అసిస్టెంట్‌కి సిగ్నల్ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది కదా, అయినా ప్రతి సిగ్నల్నీ ఒకరికొకరు గట్టిగా పిలిచి చెప్పుకుంటారు, గుర్తుందా? చిన్నప్పుడు మనం వరండాలో ఆ ఆట ఆడేవాళ్లం. "ఆ రోజు పక్క గదిలోకి వినబడేలా ఒక్కసారి పిలిచి ఉంటే సరిపోయేది" అన్నారిప్పుడు. అది నీకు రాయమన్నారు.

నిన్న రాత్రి నువ్వు అదే చేశావు. ఇక ముందూ అంతే, ఎంత రాత్రయినా పిలువు. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ వెంట తీసుకురా, విండోస్ సంగతి ఇద్దరం కలిసి చూద్దాం. నాన్న తన కంప్యూటర్ కూడా మన ముందు పెడతానంటున్నారు. ఆ సంఘటన తర్వాత ఆయన దాన్ని తెరవలేదు.

ప్రేమతో,
అక్క