డెంగీ రక్తపరీక్ష: జ్వరం మొదలైన తేదీ ఎందుకు ముఖ్యం?

వానకాలంలో తీవ్రమైన తలనొప్పి, కీళ్లనొప్పులతో జ్వరం వచ్చినప్పుడు వైద్యులు తరచుగా డెంగీ పరీక్ష చేయించుకొమ్మని సూచిస్తారు. నివేదికలో ఎన్‌ఎస్‌1, ఐజీఎం, ఐజీజీ అనే పేర్లు కనిపిస్తాయి. వీటిలో ఒకటి ‘నెగెటివ్’ అని ఉన్నంత మాత్రాన డెంగీ లేదని తీర్మానించరాదు. జ్వరం మొదలై ఎన్ని రోజులైనదో తెలిసినప్పుడే ఆ ఫలితాలకు సరైన అర్థం ఏర్పడుతుంది.

పరీక్ష జరిగే తీరు

రోగక్రిమి ప్రవేశించినప్పుడు దానిని గుర్తించి అంటిపెట్టుకొనే ప్రోటీన్లను శరీరం తయారు చేసుకొంటుంది. వీటినే ప్రతిరక్షకాలు లేదా యాంటీబాడీలు అంటారు. ఐజీఎం, ఐజీజీ వీటిలో రెండు రకాలు.

1971లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ వెల్లడించిన ఎలైజా పద్ధతి ఈ గుణంపైనే ఆధారపడినది. ఐజీఎం పరీక్షలో, చిన్న గుంటలు గల ప్లాస్టిక్ పలకలో రోగి రక్తరసిని వేస్తారు. అందులోని ఐజీఎం గుంటకు పూసిన పూతకు పట్టుకొంటుంది. పిమ్మట డెంగీ వైరస్ భాగాలను చేరుస్తారు. పట్టుబడిన ప్రతిరక్షకాలు డెంగీవైతే ఆ భాగాలు వాటికి అంటుకొంటాయి. లేకుంటే కడిగినప్పుడు కొట్టుకొనిపోతాయి. చివరకు రంగు తేల్చే పదార్థాలను చేర్చి, రంగు గాఢతను యంత్రంతో కొలుస్తారు.

ఏ రోజున ఏ పరీక్ష?

ఎన్‌ఎస్‌1: ఇది ప్రతిరక్షకం కాదు, వైరస్ ప్రోటీన్. దీనిని పట్టుకొనుటకు ప్రయోగశాల ప్రతిరక్షకాలను వాడుతుంది. జ్వరం వచ్చిన మొదటి రోజు నుండి సుమారు అయిదవ రోజు వరకు ఈ పరీక్ష ఎక్కువ ఉపయోగకరం.

ఐజీఎం: సాధారణంగా నాలుగైదు రోజుల తరువాత బయటపడుతుంది, రెండు మూడు నెలలు నిలువవచ్చు. రెండవ రోజున ఈ పరీక్ష ఒక్కటే చేయించుకొని, ‘నెగెటివ్’ అని ధైర్యపడుట ప్రమాదకరం.

ఐజీజీ: మొదటిసారి డెంగీ సోకినప్పుడు ఆలస్యంగా పుడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. కనుక ఇది మాత్రమే పాజిటివ్ అయితే పాత జ్వరపు గుర్తు కావచ్చు. రెండవసారి సోకినవారిలో మాత్రం ఇది త్వరగా పెరుగుతుంది. అప్పుడు వ్యాధి తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ.

నిమిషాలలో ఫలితమిచ్చే పట్టీ పరీక్షలు పొరబడవచ్చు. ఎలైజాతో ధ్రువీకరించుకొనుట మేలు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి దగ్గరి జాతి వైరస్ సోకినా డెంగీ ఐజీఎం పాజిటివ్‌గా కనిపించవచ్చు. అందువలన లక్షణాలను, ఫలితాలను కలిపి చూసి వైద్యులే నిర్ణయించాలి.

గుర్తుంచుకొనవలసినవి

• జ్వరం మొదలైన తేదీని వైద్యునికి, ప్రయోగశాలకు తెలుపండి. స్థానిక భాషలో చెప్పలేకపోతే కాగితంపై అంకెలలో వ్రాసి చూపండి.

• పూర్వం డెంగీ వచ్చి ఉంటే తప్పక చెప్పండి. పాత నివేదికలను భద్రపరచండి.

• జ్వరం తగ్గిన తరువాత కూడా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత కనిపించవచ్చు. అప్పుడు పరీక్షాఫలితం కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.