గాయక సమాజమును, క్రొత్త కీర్తనకర్తలును

పలువురు కూడి పాడు సమాజమును మనము సాధారణముగా పండుగ దినముల యలంకారముగా నెంచుచున్నాము. క్రిస్మసునకు నెలదినములు ముందుగా పిల్లలను చేర్చి, నాలుగు పాటలు నేర్పి, పండుగ కాగానే పుస్తకములు బీరువాలో పెట్టి తాళము వేయుదుము. ఇట్లు చేయుటవలన పాటలు పాడబడును గాని పాటలు పుట్టవు. గాయక సమాజమున కంతకన్న గొప్ప పని యొకటి కలదనియు, అది క్రొత్త కీర్తనకర్తలను పెంచుటయే యనియు మేము తలంచుచున్నాము. ఆ పని యెట్లు జరుగునో ఈ పాఠమున కొంత విచారింతము.

దీనికి దృష్టాంతము వెదకికొనుచు మదనపల్లె విడిచి పోవ నక్కఱలేదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరుగారు ఈ పట్టణములోని దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిరి. అప్పటి ప్రధానాచార్యులు జేమ్స్ కజిన్సుగారు. ఐర్లండు దేశీయులు, కవి. వారి భార్య మార్గరెట్ కజిన్సుగారు డబ్లినులో సంగీత శాస్త్రమున పట్టము పొందినవారు. ఒకనాటి సాయంకాలము విద్యార్థులును ఉపాధ్యాయులును పాటలకై కూడియుండగా ఠాకూరుగారు తమ వంగభాషా గీతమైన జనగణమనను పాడి వినిపించిరి. విన్నవారిలో ఆ భాష తెలిసినవా రెందఱుందురు? అయినను దేశముల పేర్లు, నదుల పేర్లు చెవికి తెలిసినవే. జయధ్వని పల్లవిగా మరల మరల వచ్చుచున్నది. కొంతసేపటికి కూర్చున్నవారందఱును ఆ పల్లవి నందుకొని గొంతెత్తి పాడసాగిరి. ఆ దినములలోనే, ఫిబ్రవరి 28వ తేదీన, కవిగారు ఆ గీతమును మదనపల్లెలోనే ఇంగ్లీషున వ్రాసి దానికి భారతదేశపు ఉదయగీతమని పేరిడిరి. మార్గరెట్ కజిన్సుగారు వరుసను స్వరలిపిలో వ్రాసి నిలిపిరి. 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఆ గీతమే జాతీయగీతముగా నంగీకరింపబడెను.

ఈ పాట మదనపల్లెలో పుట్టినదని మన యూరివారు కొందఱు అభిమానముతో చెప్పుదురు. అది సరికాదు. 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో అది పాడబడినది. మాటలును వరుసయు కవిగారివే. మదనపల్లెలో జరిగినది వేఱు. ఒక కవి పాటను పరభాషీయులైన బాలురు నోట పట్టిరి. సంగీతము తెలిసిన యొక ఉపాధ్యాయిని దానిని కాగితముపై పట్టెను. ఈ రెండును కలిసిననే పాట కర్తను విడిచి లోకమునకు పోగలదు. ఆ కళాశాలవారి మతము వేఱు, మనది వేఱు. పొరుగింటినుండి నిప్పు తెచ్చుకొనుటకు అది యడ్డుగాదు.

కాగితముపై పట్టనిచో నేమగునో మన సీమలోనే చూడవచ్చును. తాళ్ళపాక అన్నమాచార్యులవారు (1408–1503) ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించిరని ప్రసిద్ధి. తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి మనకు దక్కినవి సుమారు 14,000. ఆ రేకులమీద పాట యున్నది, రాగము పేరున్నది. స్వరములు మాత్రము లేవు. అందుచేత ఇరువదవ శతాబ్దమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చెను. నేడు మనము వినునవి అన్నమాచార్యుల మాటలే. వరుసలలో చాలభాగము తరువాతివారివి. రాగిమీద చెక్కించినవారికే ఇట్లు జరుగగా మన సంగతి యేమి?

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెఱచి చూడుడు. కీర్తనకు పైన రాగమును తాళమును అచ్చువేయబడి యుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పాశ్చాత్యుల పాటల మట్టులను కాక, పల్లవి, అనుపల్లవి, చరణములు గల మన కీర్తన పద్ధతినే చేపట్టిరి. అందుచేతనే చదువురాని వారి నోటను గూడ అవి నిలిచినవి. అయితే రాగము పేరు పాట కాదు. శంకరాభరణమని వ్రాసినంత మాత్రమున వరుస తెలియదు. ఆ రాగమున వందల పాటలు కలవు. తాతలు పాడినది తండ్రులు కొంత, తండ్రులు పాడినది మనము కొంత మార్చుచు వచ్చితిమి. ఒకే కీర్తన ఊరూరికి వేఱువేఱు విధముల నుండుట పాడువారందఱు నెఱిగినదే. మార్పు దోషమని మేము చెప్పము. కొన్ని మార్పులు మొదటిదానికన్న సొగసుగా నున్నవి. కాని యొక వృద్ధురాలు మాత్రమే యెఱిగిన వరుస ఆమెతో గూడ సమాధికి పోవుట నష్టము గదా! ఆ నష్టము ఏటేట జరుగుచున్నది.

వరుస వ్రాయుట గొప్ప విద్య యని భయపడ నక్కఱలేదు. మన లిపియే చాలును. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయినది. గమకములకు సైతము గుర్తు లేర్పఱచిన మహాగ్రంథ మది. దాని వెనుక దీక్షితులవారిని ప్రోత్సహించినవారిలో ముఖ్యులు చిన్నస్వామి మొదలియారుగారు క్రైస్తవులని మన విద్యార్థు లెఱుగవలెను. అంత గ్రంథము మనకు కావలదు. స అను హ్రస్వము ఒక అక్షరకాలము. సా అను దీర్ఘము రెండు. పైస్థాయికి తలమీద చుక్క, క్రిందిస్థాయికి అడుగున చుక్క. ఆదితాళమైనచో ఎనిమిది అక్షరములను నాలుగు, రెండు, రెండుగా గీతలతో విభజింపవలెను. హైస్కూలు తరగతులలోని పిల్లలు కొన్ని వారములలోనే తమకు వచ్చిన పాటను ఇట్లు వ్రాయగలరు. ఇంగ్లండులో జాన్ కర్వెన్‌గారు గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున వ్యాపింపజేసిన సోల్ఫా పద్ధతియు ఇటువంటిదే; అది నేర్చినవారికి ఇది సుళువు.

ఇక క్రొత్త పాట కట్టిన బాలుని సంగతి. అతడు తన పాటను ఒంటరిగా పాడుకొన్నంతకాలము దానిలోని లోపము తెలియదు. తన ఊపిరికి తగినట్లు తానే సర్దుకొనును. ముప్పదిమంది చేత పాడించినప్పుడు, ఎచ్చట ఊపిరి చాలదో అచ్చట ముప్పదిమందియు ఆగుదురు. ఎచ్చట వరుస మిక్కిలి పైకి పోయినదో అచ్చట సగము గొంతులు మూగవోవును. ఒక స్థాయికి మించి రెండు మూడు స్వరములకన్న ఎక్కువ వ్యాప్తి గల పాట సంఘమంతయు పాడుటకు పనికిరాదని ఏ గురువు చెప్పకున్నను అతనికి అప్పుడే తెలియును. పండ్రెండు మొదలు పదునైదు సంవత్సరముల నడుమ బాలుర గొంతు మాఱును గనుక, అట్టివారిచేత పైస్వరములు బలవంతముగా పాడింపరాదనియు ఇచ్చటనే నేర్చుకొనును.

అన్నిటికన్న ముఖ్యమైనది మాటల దీర్ఘహ్రస్వముల పరీక్ష. తెలుగున అక్షరపు నిడివి మారిన అర్థమే మారును. పాడుము అను మాట కురుచ స్వరముపై పడినచో పడుము అని వినబడును! దేవుని సన్నిధిని పాడుమని పిలువబోయి పడుమని పిలిచినట్లగును. ఇంగ్లీషు కీర్తనల మట్టులకు తెలుగు మాటలు కూర్చినప్పుడు ఈ తప్పు తఱచుగా దొరలును. ఏలయన ఆ మట్టు ఊనిక గల అక్షరముల కొఱకు కట్టబడినది, మన మాట మాత్రల లెక్కమీద నడచునది. కర్త చెవికి ఇది వినబడదు, అర్థము అతనికి ముందే తెలియును గనుక. వెనుక వరుసలో నిలిచిన చిన్నపిల్ల నవ్వినప్పుడు తెలియును. ఆ నవ్వును కోపగింపక అచ్చట మాటను మార్చువాడే కీర్తనకర్త యగును.

హార్మోనియమును గూర్చి యొక మాట. శ్రుతి పట్టుటకు అది మేలైనదే. కాని దాని స్వరములు బిగించినవి, గమకము పలుకదు. ఆ కారణమున ఆకాశవాణివారు 1940 మొదలు సుమారు మూడు దశాబ్దములు దానిని నిషేధించిరి. అంత కాఠిన్యము మాకు సమ్మతము కాదు. అయినను క్రొత్త వరుసను మొదట గొంతుతో నేర్పి, పిమ్మటనే పెట్టె తెఱచుట మంచిది.

నాలుగు గొంతుల పాటను, అనగా సొప్రానో, ఆల్టో, టెనరు, బాస్ అను విభాగములతో పాడుటను మన రాగములకు పొసగింపవచ్చునా యను ప్రశ్న పెద్దవారిలో చాలకాలముగా నున్నది. శంకరాభరణమునకు కొంత పొసగును. దాని స్వరములు పాశ్చాత్యుల మేజరు స్వరక్రమమువంటివే. తోడివంటి రాగమున గమకమే ప్రాణము గనుక, పలు స్వరములు ఒక్కసారి నిలిపిన రాగము చచ్చును. ఈ నడిమి దారిని వెదకినవారిలో ఎం. బి. శ్రీనివాసన్‌గారు ముఖ్యులు. 1925లో చిత్తూరున జన్మించి, మలయాళ చలనచిత్ర సంగీతమున పేరొంది, 1970 ప్రాంతమున మద్రాసు యూత్ క్వయరును స్థాపించి, పెక్కు భారతీయ భాషల పాటలను పలు గొంతులతో పాడించిరి. 1988లో మరణించిరి. మన సీమలో పుట్టినవారి ఈ కృషి మన పాఠశాలలలో తగినంత తెలియకుండుట విచారకరము.

పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో మనకు మఱియొక గురువు సిద్ధముగా నున్నాడు. అతడు భజన నాయకుడు. చెక్కభజనలో గాని పండరిభజనలో గాని నాయకుడు చరణ మెత్తును, బృందము పల్లవి నందుకొనును. వచ్చిన జనమును బట్టి అతడు అప్పటికప్పుడు మాట మార్చును, కాలము పెంచును. పల్లవి కురుచగాను, చరణము మార్పుల కనువుగాను ఉండవలెనను రహస్యము అతని కెవరును పుస్తకమున చెప్పలేదు. పాట కట్టగోరు మన విద్యార్థులు తలిదండ్రుల యనుమతితో ఒకటి రెండు రాత్రులు అట్టి భజన విన్నచో, వ్యాకరణ పాఠమున దొరకనిది దొరకును. సంఘపు పెద్దలలో కొందఱి కిది రుచింపకపోవచ్చును. చౌదరిగారు కీర్తన రూపమును ఎచ్చటనుండి తెచ్చుకొనిరో వారు జ్ఞాపకము చేసికొందురు గాక.

కుప్పము సంగతి ఇంకను విశేషము. అచ్చట తెలుగు, తమిళము, కన్నడము ఒకే సంతవీధిలో వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చట స్థాపింపబడుటకు ఆ యెల్లలు కలిసిన చోటు తగినదే. మూడు భాషలవారు కూడిన గాయక సమాజములో పల్లవి ఒకే భాషలో నుంచి, చరణము లొక్కొక్క భాషలో కట్టింపవచ్చును. మూడింటను దీర్ఘహ్రస్వముల భేదము కలదు గనుక ఒక వరుస మూడింటికిని చెల్లుట అసాధ్యము కాదు. శ్రమ మాత్రము కలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పాఠశాలల పిల్లలు ఏడాది కొకమాఱు ఒకచోట కూడి, తమ తమ క్రొత్త పాటలను పరస్పరము నేర్చుకొనుట బాగుండునని మా కోరిక. అప్పుడు పాట కొక పుట చొప్పున నోటుపుస్తకమున వరుస వ్రాసి, కట్టినవారి పేరు, తేదీ, మొదట పాడిన యూరు క్రింద చేర్చి, ఒక ప్రతి పాఠశాల గ్రంథాలయమునను, ఒక ప్రతి సంఘపు బీరువాలోను ఉంచవలెను. ఇంటిలో వృద్ధులు పాడు పాత వరుసలను గూడ ఈ వేసవి సెలవులలోనే విని వ్రాసి తెచ్చినచో, అవియు అదే పుస్తకమున చేరును.