హెవీ మెటల్ సంగీతమును గూర్చి కొన్ని మాటలు

గత వేసవిలో నొక ఆదివారము సాయంకాలమున సైనిక్‌పురిలోని మిత్రుని గృహమునకు మేము పోయియుంటిమి. ఆయన సైన్యమునందు ఫిరంగిదళమున పనిచేసి సుబేదారుగా విరమించినవారు. సైనికోద్యోగుల నివాసమునకై వెలసిన యా కాలనీలో నిట్టివారు నేటికిని పెక్కుమంది గలరు. మేము వీధివాకిట నడుగిడునప్పటికే మేడమీదినుండి బండలు దొర్లించుచున్నట్టి ధ్వని వినవచ్చుచుండెను. "మా పిల్లవాడును వాని స్నేహితులును, మాస్టారూ! ఏదో క్రొత్త ఆల్బమును గూర్చి వాదించుకొనుచున్నారు. నా మాట వినుట లేదు. మీరైనను ఆ గోల మాన్పింపుడు" అని సుబేదారుగారు కోరిరి. మాన్పింపవలెననియే మెట్లెక్కితిమి గాని, దిగివచ్చుటకు మాకు రెండు గంటలు పట్టినది.

మేడపై నలుగురు బాలురు గలరు. అందొకడు మా పూర్వవిద్యార్థి. మెటాలికా వారు 2023 ఏప్రిల్ 14వ తేదీన వెలువరించిన "72 సీజన్స్" అను ఆల్బము వారి వాదమునకు మూలము. పాటలు 12, కాలము 77 నిమిషములు. ఇది వట్టి సాగదీతయని యొకడు. 82 నిమిషముల ఐరన్ మెయిడెన్ వారి "సెన్‌జుట్సు"ను 2021లో నెత్తిన బెట్టుకొని యూరేగినవాడవు నీవే కాదా యని వేరొకడు. వీరిద్దరికంటెను జూడాస్ ప్రీస్ట్ వారు 2024లో తెచ్చిన "ఇన్విన్సిబుల్ షీల్డ్" మేలనియు, 72 ఏండ్ల వయస్సున రాబ్ హాల్‌ఫర్డు పాడినట్లు పాతికేండ్లవారు పాడలేరనియు మూడవవాడు. మేనమామ 2011 అక్టోబరు 30న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో మెటాలికా కచ్చేరి ప్రత్యక్షముగా వినియున్నాడు గనుక తన తీర్పే కడపటిదని నాలుగవవాడు. తరగతిలో పద్యమును గూర్చి ప్రశ్నించిన నోరు మెదపని మా పూర్వవిద్యార్థి యిచ్చట పూర్వపక్ష సిద్ధాంతములతో వాదించుట చూచి మాకు కొంత అసూయ కలిగినమాట నిజము.

ఈ 72 ఏమని యడిగితిమి. మానవుని మొదటి 18 సంవత్సరములలో, ఏటికి నాలుగు చొప్పున, గడచు ఋతువులట. "మన లెక్కకు ఋతువులారు గదా, 108 కావలెను" అంటిమి. వారు నవ్విరి. 72 అనగా మాకు మేళకర్తలు తోచినవనియు జెప్పితిమి. అప్పటినుండి మమ్ము తమ గోష్ఠిలో చేర్చుకొనిరి.

ఇప్పుడు పాఠమునకు వత్తము. ఈ సంగీతమునకు పుట్టినిల్లు ఇంగ్లండులోని బర్మింగుహాము, కార్ఖానాల పట్టణము. అచ్చట టోనీ అయోమీ యను యువకుడు 17వ యేట రేకులను కోయు కార్ఖానాలో పనిచేయుచు, ఆ కొలువునకు కడపటిదినముననే యంత్రములో చేయిపడి, కుడిచేతి నడిమివ్రేలి కొనను, ఉంగరపువ్రేలి కొనను పోగొట్టుకొనెను. అతడు ఎడమచేతివాటము వాడగుటచే తంత్రులను నొక్కునది ఆ కుడిచేయియే. అగ్నిప్రమాదమున రెండువ్రేళ్లు చెడియు మేటి గిటారువాద్యకుడైన జాంగో రైన్‌హార్టు రికార్డును కార్ఖానా మేనేజరు వినిపింపగా అతనికి ధైర్యము కలిగినది. ప్లాస్టికుసీసాను కరిగించి, వ్రేలికొనలకు తొడుగులు చేసికొని, వానిపై తోలు అంటించుకొనెను. తంత్రులు సన్ననివి వేసెను. తరువాత వానిని సడలించెను.

ఈ సడలించుటలోనే శాస్త్రము గలదు. తంత్రి బిగువు తగ్గినకొలది దాని కంపనసంఖ్య తగ్గును; స్వరము క్రిందికి దిగును. గిటారు యొక్క మందరపు తంత్రి సామాన్యముగా సెకనునకు ఇంచుమించు 82 మారులు కంపించును. 1971 నాటి "మాస్టర్ ఆఫ్ రియాలిటీ" యను ఆల్బములో అయోమీ మూడు స్వరస్థానములు దించి దానిని 69కి తెచ్చెను. నొప్పి తగ్గుటకు చేసిన యుపాయము నాదమునకు గాంభీర్యమునిచ్చి, తరువాతివారికి మార్గమైనది.

అతని బృందము బ్లాక్ సబ్బాతు. వారి మొదటి ఆల్బము 1970 ఫిబ్రవరి 13న వెలువడెను. అందలి మొదటిపాటలో షడ్జము, పైస్థాయి షడ్జము, పిమ్మట ప్రతిమధ్యమము, ఇంతియే. పాశ్చాత్యులు ఈ యంతరమునకు "సంగీతములోని దయ్యము" అని పేరిడిరి. పూర్వము చర్చివారు దీనిని నిషేధించిరను కథ కలదు గాని, దానికి ఆధారము లేదు. మనకన్ననో, 72 మేళకర్తలలో 36 ప్రతిమధ్యమమును ధరించినవే. 65వ మేళమగు కల్యాణి పెండ్లిపందిళ్లలో సైతము మ్రోగును. మరి భయమెక్కడినుండి వచ్చినది? కల్యాణిలో నా స్వరము పంచమమును చేరుకొని యిల్లు చేరినట్లుండును. ఇచ్చట పంచమము లేదు. వెలిసిన యింటి గుమ్మములో నిలిచినట్లు అది నిలిచిపోవును. మా యీ మాటకు బాలురు ఆ పాటను మరల పెట్టి విని, తలలూపిరి.

ఇక ఆ గరగర. యాంప్లిఫయరునకు మోయలేనంత నాదమునిచ్చినపుడు తరంగముల శిఖరములు తెగి చదునగును. ఆ తెగుటవలన మూలస్వరముతో లేని యుపస్వరములు పెక్కు పుట్టును. అట్టిచో గాంధారము చేర్చిన బురదయగును. షడ్జపంచమములు మాత్రము 2:3 నిష్పత్తిలో నుండుటచే, వాని భేదమగు 1 అనునది షడ్జమునకు సరిగా క్రింది స్థాయి షడ్జమై వినవచ్చును. ఎవరును మీటని తంత్రి మ్రోగినట్లుండును. ఇది మన తంబురలోని షడ్జపంచమములే కదా యని మేము ఆశ్చర్యపడితిమి.

మన హైదరాబాదునకును ఇందు భాగము గలదు. గాడ్‌లెస్ అను బృందము ఇచ్చటిది. 2016లోను 2018లోను చిన్న ఆల్బములను, 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అను సంపూర్ణమైన ఆల్బమును వెలువరించినది. గాయకుడు పాడడు, గర్జించును. ఆ గర్జనమునకు మా చెవులింకను అలవాటుపడలేదు. పేరునకు "దైవరహితులు" అని యర్థము. మాకు ఈ పేరు రుచింపలేదని స్పష్టముగా జెప్పితిమి. మా పూర్వవిద్యార్థి యొక్క ప్రత్యుత్తరము కూడ వ్రాయుట న్యాయము. బ్లాక్ సబ్బాతు అను పేరు వినియు తల్లిదండ్రులు జడిసిరట. ఆ బృందమువారే 1971లో "ఆఫ్టర్ ఫరెవర్" అను పాటలో దైవవిశ్వాసమును సమర్థించిరట. వారు మెడలో ధరించిన శిలువలను ఆజీ ఆస్బర్న్ తండ్రి అల్యూమినియముతో చేసియిచ్చెనట. ఇవన్నియు నిజములే. ఆ ఆజీ 2025 జూలై 5న జన్మస్థలమగు బర్మింగుహాములో కడపటి కచ్చేరి చేసి, 22వ తేదీన మరణించెను.

ఇంతలో సుబేదారుగారు కాఫీ తీసికొని మేడపైకి వచ్చిరి. కుమారుడు ఉత్సాహముతో తనకు ప్రియమైన పాటను వినిపించెను. ఆయన శ్రద్ధగా విని, "డోలు బాగున్నదిరా. ఆ కంచుపళ్లెములను మాత్రము వాడు ముట్టుకొననే లేదేమి?" అనిరి.

బాలురు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ఆ పాటలో కంచుతాళములు మొదటినుండి చివరివరకు ఎడతెగక మ్రోగుచునేయున్నవి. ఫిరంగులయొద్ద గడపిన యేండ్లలో ఆయన వినికిడిలో పైభాగము పోయినది. తీవ్రధ్వనివలన మొదట చెడునది సెకనునకు సుమారు 4000 కంపనముల ప్రాంతము. మాటలు వినవచ్చుచుండును గనుక చెడిన సంగతి చెడినవానికే తెలియదు. చెడినది మరల రాదు. ఆయనకును అదే మొదటిసారి తెలియుట.

కుమారుడు చాలసేపు మాటాడలేదు. పిదప, సాధనము చేసిన రాత్రులయందు తన చెవిలో కీచురాయి కూసినట్లుండుననియు, ఉదయమునకు పోవుననియు, ఇంతవరకెవ్వరికిని చెప్పలేదనియు జెప్పెను. మేము కాగితముపై లెక్క వేసి చూపితిమి: 85 డెసిబెలులైన 8 గంటలు, ప్రతి 3 డెసిబెలులకు కాలము సగమగును, 100 డెసిబెలులకు 15 నిమిషములే. వారి సాధన మూడుగంటలు. "మా కాలమున దూది పెట్టుకొనెడివారము" అని సుబేదారుగారనిరి. దూది చాలదనియు, చెవులకు సరిగా నమరు బిరడాలు కావలెననియు చెప్పితిమి.

మరుసటి ఆదివారము మేము పోవునప్పటికి నలుగురి చెవులలోను నారింజరంగు బిరడాలున్నవి. సుబేదారుగారు వైద్యునికి చూపించుకొనుటకు దినము నిర్ణయించుకొనిరి. 77 నిమిషములు దీర్ఘమా కాదా యను వాదము మాత్రము ఇంకను తెగలేదు.