అల్లాయ్ చక్రం మీద సుత్తి వద్దు

ఆదోనిలోగానీ ఎమ్మిగనూరులోగానీ టైరు షాపులో పనికి చేరిన కుర్రాడి చేతికి మొదట వచ్చేది వీల్ పానా, ఆ తర్వాత లీవరు, సుత్తి. ఈ మూడింటితోనే ఇల్లు కట్టుకున్న మేస్త్రీలు ఉన్నారు. ఇకమీదట అవి చాలవు. షాపు ముందు ఆగే కార్ల చక్రాలే మారిపోయాయి.

ఇక్కడ చక్రం మారినప్పుడల్లా పని చేతులు మారింది. పత్తి వేసుకుని ఆదోని మార్కెట్టుకు వచ్చే ఎద్దులబండ్లకు ఆకులు తొడిగేది వడ్రంగి. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, కొయ్య చక్రానికి ఎక్కించి, నీళ్లు గుమ్మరించి బిగించేది కమ్మరి. టైరు బండి రాగానే ఆ ఇద్దరికీ పని తగ్గి పంక్చరు షాపుకు పెరిగింది. తర్వాత అంబాసిడర్ 15 అంగుళాల స్టీలు రిమ్ము, 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800తో 12 అంగుళాల బుల్లి రిమ్ము వచ్చాయి. సైజు ఏదైనా అది స్టీలే కాబట్టి అంచు వంగితే నాలుగు దెబ్బలతో దారికొచ్చేది.

అల్లాయ్ అలా కాదు. అల్యూమినియంలో సిలికాన్, కాస్త మెగ్నీషియం కలిపి పోత పోస్తారు. బుగట్టి కంపెనీ 1924లోనే రేసు కారుకు అల్యూమినియం చక్రాలు బిగించింది గానీ, మన వీధుల్లో మామూలు కార్లకు కూడా ఇవి కనబడటం ఈమధ్య సంగతే. పోత తర్వాత ఈ చక్రాన్ని కొలిచిన వేడిలో ఉంచి గట్టిపరుస్తారు. మీరు గ్యాసు మంట పెట్టి సొట్ట తీశారంటే ఆ గట్టిదనం పోతుంది. కమ్మరి వేడి కొయ్య చక్రాన్ని బిగించింది, అదే వేడి దీన్ని పాడుచేస్తుంది. పైకి మాత్రం ఏమీ కనబడదు, అదే ప్రమాదం. పగులు వచ్చిన అల్లాయ్‌కి వెల్డింగ్ పెట్టమని ఎవరడిగినా చేయకండి. బేరం పోయినా ఫరవాలేదు.

ఇక పని సంగతి. టైరు మార్చే మిషను తలకు ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మొదటి తిప్పుకే రిమ్ము మీద గీత పడుతుంది, ఆ గీత మీద గంటసేపు వాదన నడుస్తుంది. టైరు అంచుకు సబ్బునీళ్లు ధారాళంగా పూయండి. బ్యాలెన్సింగుకు స్టీలు రిమ్ము అంచున కొట్టే క్లిప్పు బరువులు అల్లాయ్‌కి వాడొద్దు, లోపలి వైపు శుభ్రంగా తుడిచి అంటించే బరువులు పెట్టండి. నట్లు ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించాలి. పానా మీద కాలేసి తొక్కే అలవాటు మానండి. చాలా చిన్న కార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, సరైన అంకె కారు పుస్తకంలో ఉంటుంది. టార్క్ రెంచి కొనడానికి వెనకాడకండి.

కొత్త అల్లాయ్‌లు అమ్మేటప్పుడు నట్ల మధ్య దూరం, రిమ్ము వెడల్పు, లోపలి ఆఫ్‌సెట్ మూడూ సరిపోవాలి. నాలుగు నట్లు ఉన్నంత మాత్రాన ప్రతి నాలుగు నట్ల కారుకూ పట్టదు. ఐఎస్ఐ గుర్తు లేని సరుకు ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

అల్లాయ్ అమ్మితే లాభం ఎక్కువే, కాదనను. అయినా అందరికీ అంటగట్టొద్దు. ఆలూరు వైపు నల్లరేగడి ఊళ్లకు తిరిగే ట్యాక్సీవాడు అడిగితే స్టీలే ఉంచుకోమని చెప్పండి. గుంతలో పడితే స్టీలు వంగుతుంది, అల్లాయ్ పగలొచ్చు. అందం కోసం రిమ్ము రెండంగుళాలు పెంచితే టైరు గోడ సన్నబడి దెబ్బంతా రిమ్ముకే తగులుతుంది. ఈ మాట ముందే చెప్పిన షాపుకు ఆ ట్యాక్సీవాడు తన స్టాండులో ఉన్నవాళ్లందరినీ పంపుతాడు. రిమ్ముతో పాటు టైరు వయసూ చూడాలి. సెకండ్‌హ్యాండ్ టైరు చేతికొస్తే దాని పక్కగోడ మీద ఉన్న నాలుగంకెలు చదవండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారు.

సొంత షాపు ఆలోచన ఉంటే ముందు బ్యాలెన్సింగ్ మిషను, తర్వాతే అలైన్‌మెంట్. ముద్రా రుణంలో 50 వేలు దాటి 5 లక్షల వరకు ఇచ్చేది కిశోర్ విభాగం. మిషను కొటేషన్ చేతిలో పెట్టుకునే బ్యాంకుకు వెళ్లండి.

చక్రాలు విప్పి బిగించిన ప్రతి కారుకూ వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ చూడాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం పోయి వస్తే ఇంచుమించు అంతే దూరం. దర్శనం చేసుకుని తిరిగొచ్చేటప్పుడు షాపు దగ్గర ఆగమని చెప్పండి, దానికి డబ్బులు తీసుకోకండి.