అమీర్‌పేట ఫుల్ స్టాక్ చెప్పని థ్రెడ్ సంగతి

బీటెక్ చివరి ఏడాదిలో పిల్లాణ్ని హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్లో జావా ఫుల్ స్టాక్ కోర్సులో చేర్పిస్తే ఉద్యోగం ఖాయమని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. అర్హతకేం, బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ ఏదైనా సరే. చిక్కంతా నేర్పే తీరులో ఉంది. స్ప్రింగ్ బూట్‌లో ఏ యానొటేషన్ ఎక్కడ పెట్టాలో మూడు నెలల కోర్సు చెబుతుంది. అది లోపల ఏం చేస్తుందో చెప్పే తీరిక దానికి లేదు. రిక్వెస్ట్ స్కోప్‌లోని బీన్‌ను, వేరే థ్రెడ్‌లో నడిచే ఎసింక్ మెథడ్‌లో వాడితే ఏమవుతుందని అడగండి, తేడా బయటపడుతుంది.

లాగిన్ అయిన యూజర్ ఎవరన్నది వంటి రిక్వెస్ట్ వివరాలను స్ప్రింగ్ థ్రెడ్‌లోకల్‌లో, అంటే ఆ పని చేస్తున్న థ్రెడ్‌కు మాత్రమే కనిపించే చోట ఉంచుతుంది. పని ఇంకో థ్రెడ్‌కు వెళ్లగానే ఆ వివరాలు అందవు, రిక్వెస్ట్ స్కోప్ బీన్ అయితే ఎర్రర్ వస్తుంది. ఇన్‌హెరిటబుల్ థ్రెడ్‌లోకల్ ఆన్ చేస్తే చాలన్న చిట్కా సులువుగానే దొరుకుతుంది. దాంతో ఎర్రర్ పోతుంది, ప్రమాదం మొదలవుతుంది. అది విలువలను అందించేది కొత్త థ్రెడ్ పుట్టినప్పుడే. థ్రెడ్ పూల్‌లో అయితే ఒకే థ్రెడ్ మళ్లీ మళ్లీ పనిలోకి వస్తుంది కనుక పాత యూజర్ వివరాలతో కొత్త యూజర్ పని జరిగిపోవచ్చు. బ్యాంకు యాప్‌లో ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? థ్రెడ్ పూల్‌తో ఈ చిట్కాను వాడొద్దని స్ప్రింగ్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తోంది. టాస్క్ డెకరేటర్‌తో ఒక్కో పనికీ వివరాలు అందించి, పనవగానే తుడిచేయడం మేలు. అయినా రిక్వెస్ట్ ముగిశాక టామ్‌క్యాట్ సర్వర్ ఆ రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌ను మరో రిక్వెస్ట్‌కు వాడుకోవచ్చు. అందుకే యూజర్ ఐడీ లాంటివి ముందే తీసుకుని పారామీటర్‌గా పంపడానికే నా ఓటు. ఆర్భాటం లేని పద్ధతి, అయినా భద్రమైనది.

ఫ్రెషర్లను ఇవన్నీ ఎవరడుగుతారంటారా? నిజమే, ఆప్టిట్యూడ్, చిన్నపాటి కోడింగ్ దాటని ఎంపికలూ ఉన్నాయి. అయితే ప్రాజెక్టులో చేరాక ఈ చిక్కు అడగకుండానే ఎదురవుతుంది. ఏఐ రాసిపెడుతుంది కదా అంటే, అది పై చిట్కానే రాసిచ్చినప్పుడు తప్పు పట్టుకోవాల్సింది మనిషే. పైగా పనిముట్లు మారుతూనే ఉంటాయి. 2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్‌లు వచ్చాయి, 2025లో జావా 25తో స్కోప్డ్ వాల్యూస్ ఖాయమయ్యాయి. బట్టీ పట్టినవారు ప్రతి మార్పుకూ కొత్త కోర్సు వెతుక్కోవాలి. మూలం తెలిసినవారికి డాక్యుమెంటేషన్ చాలు.

ఈ కోర్సుల ఫీజుకు అప్పు చేయడం ఒక ఎత్తు, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామనే వాళ్ల మాట నమ్మడం మరో ఎత్తు. వెరిఫికేషన్‌లో దొరికితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ చూపించి పిల్లలను తొందరపెట్టే తల్లిదండ్రులు ఈ నష్టాల లెక్క వేసుకోవడం అరుదు. ముందు కోర్ జావా, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆ తర్వాతే స్ప్రింగ్ అన్నదే నా సలహా. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు, స్ప్రింగ్ డాక్యుమెంటేషన్ ఉచితంగానే దొరుకుతాయి. కోచింగ్ తప్పదనుకుంటే డెమో క్లాసులో పైన చెప్పిన ప్రశ్న అడిగించండి. సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.