పసుపు మీద రాసేటప్పుడు

చిరంజీవి శ్రావణికి,

పసుపు గాయాలను మాన్పుతుందా అన్నది నీ పరిశోధన పత్రానికి అంశంగా తీసుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం బిడ్డా. మన ఆర్మూరులో ఈ ప్రశ్న ఎవరినడిగినా అవుననే అంటారు. పత్రంలో మాత్రం ఆ మాట ఎవరు, ఏ సంవత్సరంలో, ఏం చేసి చూసి రాశారో చూపించాలి.

ఇదే చిక్కు ఒకప్పుడు మన దేశానికీ వచ్చింది. గాయాలకు పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంట్ పొందింది. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) దాన్ని సవాలు చేసింది. పరాయి దేశంలో ఇంటింటా వాడుక ఉందంటే అప్పటి అమెరికా చట్టం ఒప్పుకోదు, అచ్చులో ఉండాలి. సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాల నుంచి ముప్పైకి పైగా ఆధారాలు వెతికి తీశారు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1953లో వచ్చిన వ్యాసం కూడా వాటిలో ఉంది. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ పాత కాగితాలను భద్రంగా దాచిన లైబ్రరీలకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

అయితే ఈ తీర్పుతో పసుపు మందని రుజువైందని రాయకు. ఆ వాడుక కొత్తది కాదని మాత్రమే తేలింది. మాన్పుతుందా లేదా అన్నదానికి ప్రయోగాలు చూడాలి. గూగుల్ స్కాలర్‌లో పసుపు శాస్త్రీయ నామం ‘కుర్కుమా లాంగా’తో వెతుకు, అమ్మకపు ప్రకటనలు తగ్గుతాయి. మంచి వ్యాసం ఒకటి దొరికితే దాని చివరనున్న ఆధారాల పట్టిక పట్టుకుని వెనక్కి వెళ్లు. సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ, వ్యవసాయం వైపైతే కృషికోశ్ ఉన్నాయి, రెండూ ఉచితమే. డబ్బులడిగే పత్రికల కోసం మీ కాలేజీకి ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉందేమో లైబ్రేరియన్ గారిని అడుగు. సారాంశం ఒక్కటే చదివి ఏ వ్యాసాన్నీ ఉదహరించకు.

పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్ మీద వచ్చిన వ్యాసాల్లో కొన్నింటిని పత్రికలే వెనక్కి తీసుకున్నాయి. నీకు దొరికిన ప్రతి వ్యాసానికీ ఆ సంగతి చూడు. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కర్క్యుమిన్ ఔషధ గుణాలను గట్టిగా ప్రశ్నించిన సమీక్ష వచ్చింది. మన ఊరి పంట కదా అని దాన్ని వదిలెయ్యకు, తప్పకుండా చేర్చు.

చిత్తు ప్రతి పూర్తవగానే పంపు. ఆ 1953 వ్యాసం నకలు దొరికితే నాకూ కావాలి.

నీ చిన్నమ్మ