చక్కెర వ్యాధి మీద విసుగు పుట్టినప్పుడు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము ముందు చూసేది పాల సేకరణ రిజిస్టరు, తరువాత నగదు పుస్తకం. ఒకచోట కార్యదర్శిగారి బల్ల సొరుగులో ఈ రెండింటితోపాటు మూడవ పుస్తకం కూడ కనిపించినది. అందులో ఆయన తన షుగరు అంకెలు వ్రాసుకునేవారు. మొదటి రెండేళ్ళు గీతలు గీసి, తేదీలు వేసి, పరగడుపున ఎంత, భోజనమైన రెండు గంటలకు ఎంత అని పొందికగా వ్రాశారు. తరువాత వారానికొకటి, నెలకొకటి అయి, చివరి ఎనిమిది నెలలు ఏమీ లేదు. సంఘం పుస్తకాలలో మాత్రం ఒక్క పూట లెక్క తప్పలేదు.

"పన్నెండేళ్ళయింది సార్. ఎంత జాగ్రత్తపడ్డా ఒకరోజు 120, ఒకరోజు 220. సూది పొడుచుకుని చూసుకోవడం దేనికి, తిట్లు తినడానికా?" అన్నారాయన. మాత్రలు కూడ వారంలో మూడు రోజులే వేసుకుంటున్నారట. కాలి బొటనవేలి పక్కన పుండు ఉన్నది. గేదె తొక్కినదో, చెప్పు కొరికినదో ఆయనకే తెలియదు. నొప్పి లేదు గనుక వదిలేశారు. నరాలు మొద్దుబారినందువలన నొప్పి తెలియని ఆ పుండే ఎక్కువ భయపడవలసినది. అటువంటివి ముదిరి వేళ్ళు, పాదాలు తీసివేయవలసి వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నవి.

దీనిని నిర్లక్ష్యమని అనడం సులువు. మేమూ ఆరోజు అలాగే అనబోయి ఆగినాము. పండగనాడు కూడ రెండు పూటలా తెరవవలసిన పాలకేంద్రం వంటిది ఈ వ్యాధి. కేంద్రంలోనైతే కార్యదర్శి ఊరికి వెళితే టెస్టరు చూసుకుంటాడు. ఇక్కడ బదులు మనిషి లేడు. ఈ అలసటను వైద్యులు కూడ గుర్తించారు. అమెరికాలో విలియం పొలాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1995లో దీనిని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక ప్రచురించారు. ఇది పిచ్చి కాదు, బద్ధకమూ కాదు. అయితే రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు పోక, నిద్ర పట్టక, బ్రతుకు మీద ఆశ సన్నగిలితే అది కుంగుబాటు కావచ్చును. దానికి వేరుగా వైద్యం ఉన్నది. 14416 నెంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

అంకెల సంగతి మన సభ్యులకు తేలికగానే అర్థం కావాలి. ఒక పూట వెన్న శాతం తగ్గినదని గేదెను సంతకు తోలము. షుగరు కూడ అంతే. తిండి ఒక్కటే కాదు, జ్వరం, పుండు, నిద్రలేమి, దిగులు ఏదైనా దానిని పెంచగలదు. రెండు మూడు నెలల సగటును హెచ్‌బిఎ1సి అనే పరీక్ష చెబుతుంది. చాలామంది పెద్దలకు అది 7 శాతం లోపు ఉండాలంటారు. వయసు మీరినవారికి, షుగరు పడిపోయే అలవాటున్నవారికి డాక్టరు కొంత సడలిస్తారు. లాక్టోమీటరు పాలను తిట్టదు, ఉన్నది చెబుతుంది. ఆ అంకెను కూడ అట్లే చూడవలెను. ఇంటివారు కంచంలోకి తొంగిచూసి ముద్దలు లెక్కపెట్టడం మానితే ఇంకా మంచిది.

ఆయన చూపించుకుంటున్న పట్నం డాక్టరు రిపోర్టు చూసి, "కంట్రోలు లేదు" అని ప్రతిసారీ ఒక మాత్ర కలిపేవారు. మాత్రలు మింగడం లేదని ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇందులో పెద్ద ప్రమాదమున్నది. ఏదో ఒకరోజు బుద్ధి తెచ్చుకుని చీటీలో ఉన్నవన్నీ ఒక్కసారి మింగితే షుగరు 70 కంటే దిగువకు పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పవచ్చును. కొన్ని రకాల మాత్రలతో, ఇన్సులిన్‌తో ఈ భయం ఎక్కువ.

మా బలవంతం మీద ఆయన సామాజిక ఆరోగ్య కేంద్రంలోని అసాంక్రమిక వ్యాధుల క్లినిక్కుకు వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "వారంలో ఎన్ని రోజులు మాత్ర తప్పుతుంది?" అని. "తప్పుతుందా" అని కాదు. అందుకే నిజం చెప్పగలిగానని ఆయనే అన్నారు. ఆమె మందులను ఉదయం సేకరణ అయ్యాక ఒకసారి, రాత్రి ఒకసారికి కుదించారు. పరీక్ష వారానికి రెండు రోజులు చాలన్నారు. పుండుకు కట్టు కట్టి, నైలాను పోగుతో పాదం అంతటా స్పర్శ చూశారు. పాదాల పరీక్ష, కంటి లోపలి పొర పరీక్ష, మూత్రపరీక్ష ఏడాదికొకసారి చేయించాలన్న సంగతి పన్నెండేళ్ళలో ఆయన విన్నది అప్పుడే. అక్కడ మందులు ఉచితం. లేనివి జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతవి.

మంచి వైద్యుడంటే పెద్ద బోర్డున్నవారని కాదు. మన పనివేళలు అడిగి, దానికి తగినట్లు మందు సర్దేవారు. మనమూ వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకుపోయి, తప్పినవి తప్పినట్లు చెప్పాలి. ఎంత విసుగు పుట్టినా మందు సొంతంగా ఆపరాదు. ఇన్సులిన్ అసలే ఆపరాదు. నెలల తరబడి ఆపినవారు పాత మోతాదు తిరిగి తామే మొదలుపెట్టరాదు.

ఇన్సులిన్ వాడేవారు కొందరు సీసాలను సంఘం ఫ్రిజ్జులో ఉంచుతున్నారు. మంచిదే, కాని ఐసు పెట్టెలో ఉంచకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

పుండు మానడానికి పదకొండు వారాలు పట్టినది. మొన్న తనిఖీలో మూడవ పుస్తకం కూడ చూశాము. 212 అని ఒక అంకె, పక్కన "మేనకోడలి పెళ్ళి" అని ఉన్నది. అన్నట్టు, వచ్చినవారికి మూడు చెంచాల చక్కెర వేసిన టీ ఇచ్చే ఆచారం అక్కడ ఇంకా పోలేదు. మేమూ తాగి వచ్చినాము.